మట్టిబొమ్మ – మాట – మనిషి

(పాఠశాల సాహిత్య సమితి సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ దినమున నేను ప్రసంగింపబూనిన విషయము మీలో కొందఱకు వింతగా తోచవచ్చును. మంత్రబలమున మట్టిబొమ్మకు ప్రాణము పోయుట ఎట్లు అనునదియే ఆ విషయము. మన పదవ తరగతి విద్యార్థులు కొందఱు సాయంకాలములందు గుమిగూడి ఒక క్రొత్త ఆట ఆడుచున్నారు. ఆ ఆటలో 'గోలెమ్' అను మట్టిమనిషిని తయారుచేయు విధానము కలదనియు, అది ఎచ్చటినుండి వచ్చినదో చెప్పవలెననియు వారు నన్ను కోరిరి. అడిగినవారికి బదులు చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. ఆ బదులు పదిమంది వినదగినది కావున ఈ సభయందే చెప్పుచున్నాను.

ముందుగా, ఆ ఆట యెట్టిదో ఎఱుగని పెద్దలకు రెండు మాటలు. 1974వ సంవత్సరమున అమెరికా దేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. ఇందు ఒకరిపై ఒకరు గెలుచుట ప్రధానము కాదు. ఆటగాండ్రలో ఒకడు కథ నడపును. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు పురోహితుడు. కథ నడపువాడు, "మీ యెదుట పాడుపడిన కోట యున్నది. ఏమి చేయుదురు?" అని అడుగును. పాత్రధారులు తమ తమ ఉద్దేశములు చెప్పుదురు. తలచిన పని నెరవేరునో లేదో పాచికలు తేల్చును. ఆ పాచికలలో మనమెఱిగిన 6 ముఖములవియే గాక 4, 8, 10, 12, 20 ముఖములు గలవియు ఉండును. వేషము లేకుండ, రంగస్థలము లేకుండ, కూర్చున్నచోటనే మాటలతో ఆడు నాటకమని దీనిని చెప్పవచ్చును.

ఆ ఆటలోని కల్పిత లోకమున మాంత్రికులు గోలెములను చేయుదురు. ఆటను రచించినవారు దానిని తమ ఊహనుండి పుట్టింపలేదు. అది యూదుల ప్రాచీన సంప్రదాయమునుండి వచ్చినది.

గోలెమ్ అనునది హీబ్రూ పదము. యూదుల పవిత్ర గ్రంథమందలి 139వ కీర్తనలో ఈ పదము కలదు. ఇంకను రూపము దాల్చని పిండమని దాని భావము. తల్ముదు అను వారి ధర్మగ్రంథమున ఒక చిన్న కథ కలదు. రావా అను పండితుడు ఒక మనిషిని సృజించి, జేరా అను మఱియొక పండితుని కడకు పంపెను. జేరా వానిని పలుకరించెను. వాడు బదులు పలుకలేదు. అంతట జేరా, వీడు పండితుల చేతిపనియే గాని మనిషి గాడని గ్రహించి, తిరిగి మన్నై పొమ్మనెను. కథ యింతే. కాని దీనిని మీరు గుర్తుంచుకొనుడు. మరల దీనికడకు రావలసియున్నది.

మట్టికి ప్రాణము వచ్చుట దేనివలన? అక్షరములవలన. 'సేఫెర్ యెత్సిరా', అనగా సృష్టిగ్రంథము, అను పుస్తకమున హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరములును, 10 మూలసంఖ్యలును సృష్టికి ఆధారములని చెప్పబడినది. ఈ భావమునుండియే గోలెమ్ కథలు పెరిగినవి. మట్టిబొమ్మ నుదుట 'ఎమెత్' అని వ్రాయుదురట. సత్యమని దాని యర్థము. ఆ మాటకు మొదటి అక్షరము ఆలెఫ్. దానిని చెఱిపివేసినచో మిగులునది 'మేత్'. మరణించినాడని దాని యర్థము. ఒక్క అక్షరము చెఱుపగనే బొమ్మ మరల మట్టియగును.

ఇది మనకు సుబోధకము. మన భాషలో 'అమృతము' అని వ్రాసి, మొదటి 'అ'కారమును చెఱిపిచూడుడు. మిగులునది 'మృతము'. హీబ్రూలో ఆలెఫ్ చేసిన పనినే మనకు అకారము చేయుచున్నది. రెండు భాషలును తొలి అక్షరమునందే చావుబ్రతుకులను నిలిపినవి. ఇట్టి సామ్యము చూపినచో అక్షరాభ్యాసము చేయు పసివానికిని అకారముపై గౌరవము కలుగును.

ఇక ఆ బొమ్మలు చేసినవారి గతి యేమాయెను? పోలండు దేశమునందలి హెల్మ్ పట్టణపు ఎలియా పండితునిగూర్చి ఒక కథ వ్యాపించినది. అట్టి కథనే 1808లో జర్మను పండితుడు యాకొబ్ గ్రిమ్ ప్రకటించెను. యజమానుడు మట్టిమనిషిని ఇంటి పనులకై చేసికొనెను. వాడు దినదినము పెరుగసాగెను. తుదకు వాని నుదురు యజమానుని చేతికి అందని యెత్తునకు పోయెను. భయపడిన యజమానుడు తన పాదరక్షలను విప్పుమని వానిని ఆజ్ఞాపించెను. వాడు వంగెను. యజమానుడు అక్షరము చెఱిపెను. వాడు మట్టియై కూలెను. ఆ మట్టి మీదపడి యజమానుడు మడిసెను. చేతికి అందునంతవఱకే చేతిపని మన వశమందుండునని ఈ కథ చెప్పుచున్నది.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది ప్రాగ్ నగరపు కథ. అచ్చటి యూదా లోయివ్ పండితుడు చారిత్రక పురుషుడు, 1609లో మరణించెను. తన జనులను ఆపదలనుండి కాపాడుటకై ఆయన నదీతీరపు మట్టితో గోలెమును చేసెనని చెప్పుదురు. భగవన్నామము వ్రాసిన పత్రమును వాని నోట నుంచినచో వాడు లేచును, తీసివేసినచో పడియుండును. విశ్రాంతిదినము రాకముందే ఆయన ప్రతి శుక్రవారము ఆ పత్రమును తీసివేయుచుండెను. ఒక శుక్రవారము మఱచెను. వాడు ఎదుట నున్నదెల్ల ధ్వంసము చేయసాగెను. పండితుడు పరుగున వచ్చి పత్రమును లాగివేసెను. ఆ మట్టి అచ్చటి ప్రాచీన ప్రార్థనాలయపు అటుకపై నేటికిని కలదని జనశ్రుతి. అయితే లోయివ్ పండితుని పేరుతో ఈ కథ గ్రంథములకెక్కినది 19వ శతాబ్దమున గాని అంతకుముందు గాదు. కథ వేఱు, చరిత్ర వేఱు అని విద్యార్థులు గ్రహింపవలెను.

మనము నివసించు ఈ మహారాష్ట్రమునను ఇట్టి కథ యొకటి కలదు. గోదావరీతీరమందలి ప్రతిష్ఠానమున, అనగా నేటి పైఠణమున, కుమ్మరియింట పెరిగిన శాలివాహనుడు మట్టితో ఏనుగులను, గుఱ్ఱములను, కాల్బలమును చేసి, ప్రాణము పోసి, శత్రువులను జయించెనని ఇచ్చటివారు చెప్పుకొందురు. ఆయన పేర జరుగు శకము క్రీస్తుశకము 78లో ఆరంభమగును. మనము ఉగాది యనియు, మన యిరుగుపొరుగువారు గుఢీ పాడ్వా యనియు పండుగ చేయునది ఒక్క దినముననే. ప్రాగ్ కథకును దీనికిని సంబంధమున్నదని నేను చెప్పను. మట్టిని పిసికిన చేతికి ఎచ్చటనైనను ఇట్టి కోరిక పుట్టుట సహజమని మాత్రమే నా మనవి.

ప్రాగ్ నగరముననే ఈ భావము క్రొత్త వేషము వేసికొనెను. కారెల్ చాపెక్ అను చెక్ రచయిత 1920లో ప్రకటించిన 'ఆర్.యు.ఆర్.' నాటకము 1921లో ఆ నగరమున ప్రదర్శింపబడెను. నేడు మనమందఱము పలుకు 'రోబో' అను మాట ఆ నాటకముననే పుట్టినది. వెట్టిచాకిరి యను అర్థముగల చెక్ పదమే దానికి మూలము. 1965లో ఇజ్రాయెలు దేశమందలి రెహోవోతులో ఒక క్రొత్త కంప్యూటరును ఆరంభించుచు, గెర్షోమ్ షోలెమ్ అను పండితుడు దానికి 'గోలెమ్ ఆలెఫ్' అని పేరుపెట్టెను.

ఇప్పుడు ఆటయొక్క నియమములను చూతము. కథలు నేర్పినదానిని ఆట లెక్కలలోనికి దించినది. 2003లో వెలువడిన నియమముల ప్రకారము మట్టి గోలెమునకు కనీసము 1,000 పౌండ్ల మట్టిముద్ద ఒక్కటిగా కావలెను. దానికి 1,500 బంగారు నాణెముల విలువగల తైలములు, చూర్ణములు పట్టింపవలెను. తయారైన బొమ్మ సుమారు 600 పౌండ్ల బరువు నుండును. ఇనుప గోలెమ్ 12 అడుగుల యెత్తు, 5,000 పౌండ్ల బరువు. వ్యయము ధనముతో తీరదు. మట్టి గోలెమును చేయువాడు తాను ఆర్జించిన అనుభవమునుండి 1,540 అంకములను పోగొట్టుకొనవలెను. అనగా చేసినవాడు తనలో కొంతభాగమును దానికి ధారపోయును. 2014నాటి నియమములలో మఱియొక మార్గము కలదు. గోలెమును చేయు విధానము ఒక మంత్రగ్రంథమున నుండును. 30 దినములు శ్రమించి, 65,000 బంగారు నాణెములు వెచ్చించి మట్టి గోలెమును ముగించినంతనే ఆ గ్రంథము మంటలలో దగ్ధమగును. ఆ బూడిదను చల్లినప్పుడు గాని బొమ్మ కదలదు.

ఇంతచేసి సంపాదించిన సేవకునకు బుద్ధి లేదు, మాట లేదు, చెప్పినది చేయుట యొక్కటే తెలియును. మఱియు 2003నాటి నియమములలో, యుద్ధము సాగిన కొలది ప్రతి విడతకును నూటికి 1 వంతు చొప్పున వాడు మతితప్పు ప్రమాదము పెరుగుచుండును. మట్టి గోలెమ్ ఒకసారి మతితప్పెనా, మరల వశపఱచుకొను ఉపాయమే లేదు. మాంసపు గోలెమునకు మాత్రము ఒక ఉపాయము కలదు. చేసినవాడు 60 అడుగులలోపల నిలిచి, దృఢముగను, నచ్చజెప్పునట్లును మాటలాడినచో వాడు శాంతింపవచ్చును. దూరమునుండి అఱచిన ప్రయోజనము లేదు. దగ్గఱ నిలిచి నచ్చజెప్పవలెను. ఈ నియమమును చదివినప్పుడు ఇది ఉపాధ్యాయులకొఱకే వ్రాసినదా యని నాకు తోచినది.

కావున మీరు మీ ఆటలో గోలెమును కల్పించునప్పుడు అయిదు ప్రశ్నలు వేసికొనుడు. ఏ పదార్థముతో చేయుదురు? ఏ మాటతో లేపుదురు? దానికై మీరేమి వదలుకొందురు? మీ యాజ్ఞను వాడు అక్షరాల పాటించినచో ఏమి కీడు మూడును? ఆ మాటను చెఱుపు ఉపాయమేది? ఈ అయిదింటికి బదులు చెప్పగలిగినచో మీ కథ నిలుచును. అయిదవదానికి బదులు లేనివాడు బొమ్మను చేయబూనరాదు. ఈ నియమము ఆటకే గాదు, పెద్దలు నిర్మించు యంత్రములకును వర్తించును.

ఇక జేరా కడకు మరల వత్తము. ఆయన మనిషిని పరీక్షించుటకు బలము చూడలేదు, రూపము చూడలేదు, పలుకరించెను. బదులు రాలేదు గనుక మనిషి గాడనెను. ఈ కాలమున ఆ పరీక్ష ఒక్కటి చాలదు. బదులు పలుకు యంత్రములు మీ చేతులలోనే యున్నవి. వ్యాసము వ్రాయుమన్న వ్రాయును, పద్యమునకు తాత్పర్యము చెప్పుమన్న చెప్పును. అయితే ఆ వ్యాసమును చూచి వ్రాసి తెచ్చిన విద్యార్థిని, "ఈ వాక్యమున నీ అభిప్రాయమేమి?" అని అడిగినచో మౌనమే వినబడును. అప్పుడు గోలెమ్ ఎవరు? యంత్రమా, విద్యార్థియా? ఒకరు నుదుట వ్రాసినదానిని మోయుటయే గోలెమ్ లక్షణము. అర్థము కాలేదని చెప్పుట, ఎందులకని అడుగుట, కాదనిపించినప్పుడు వినయముతో కాదనుట, తాను పలికిన మాటకు తాను పూచీపడుట – ఇవి మనిషి లక్షణములు.

సంఘపు పెద్దలకును ఒక మనవి. మన పూర్వులు నేతపనికై ఈ దేశమునకు వచ్చి తరములు గడచినవి. మన పిల్లలు వీధిలో మరాఠీయు, బజారులో హిందీయు మాటలాడుదురు. ఆ భాషలు వారికి అన్నము పెట్టునవి. వానిని మనము గౌరవింపవలెను. తెలుగును నిలుపుటకు మనము వార్షికోత్సవమున పద్యములు వల్లింపజేయుచున్నాము. వల్లించుట మంచిదే, దానిని నేను తక్కువచేయను. కాని తప్పులేకుండ పద్యము చదివిన బాలుడు వేదిక దిగివచ్చి, ఆ పద్యమందలి సంగతిని గూర్చి ఒక్క ప్రశ్నయైనను తెలుగున అడుగలేకపోయినచో, మనము వాని నుదుట అక్షరములు వ్రాసితిమే గాని వానికి భాష నీయలేదని తెలియవలెను. ఇంటిలో రాత్రి భోజనమువేళ, "నేడు బడిలో ఏమి చెప్పిరి?" అని తెలుగున అడిగి, వాడు తడబడుచు చెప్పినను తుదివఱకు వినుడు. తప్పులు దిద్దుటకు మేమున్నాము. వినువారు లేనిచో చెప్పుట ఆగిపోవును. చెప్పుట ఆగినచో అకారము చెఱిగినట్లే.

గోలెమును చేయుటకు గ్రంథమును దహింపవలెనని ఆట చెప్పుచున్నది. మనిషిని చేయుటకు ఆ యవసరము లేదు. నలుబదిమంది చదివినను పుస్తకము అట్లే యుండును. చదివించిన ఉపాధ్యాయుని అనుభవమును తఱుగదు, పెరుగును. అందుచే బొమ్మను చేయుటకంటె మనిషిని చేయుట చౌక. అయితే కాలము ఎక్కువ పట్టును.

పదవ తరగతి విద్యార్థులు తమ ఆటను మానవలసిన పనిలేదు. చదువు ముగించి ఆడుకొనవచ్చును. అయితే ఒక కోరిక. వచ్చే నెల సాహిత్య సమితి సమావేశమున మీ కథ నడపువాడు తెలుగుననే కథ నడపవలెను. పాత్రధారులు తెలుగుననే బదులు పలుకవలెను. మాట దొరకనిచోట ఆగి అడుగుడు. ముందువరుసలో నేను కూర్చుందును.