యువరాజు అనే మాట చాలదు

 

మన ఊళ్ళకు బాగా దగ్గరై, మన చరిత్ర పుస్తకాలకు దూరంగా ఉండిపోయిన ఒక పీఠం గురించి ఈ పూట మాట్లాడతాను. అది కువైట్ అమీర్ పీఠం. రాజంపేట వైపో, గోదావరి లంకల్లోనో ఏ వీధిలో అడిగినా కువైట్ వెళ్ళొచ్చిన మనిషి కనిపిస్తాడు. దినారు ఎంత పలుకుతోందో ఇంట్లో ముసలమ్మ కూడా చెబుతుంది. ఆ దేశాన్ని ఏలే మనిషి ఏ లెక్కన గద్దె ఎక్కుతాడో మాత్రం మనం రాసుకోలేదు.

చిక్కు మాటతోనే మొదలవుతుంది. 2020 సెప్టెంబరు 29న అమీర్ సబా అల్ అహ్మద్ మరణించారు. అక్టోబరు 4న మన దేశమంతా సంతాపదినం పాటించి జెండా అవనతం చేసింది. ఆయన తర్వాత తమ్ముడు నవాఫ్ 83వ ఏట అమీర్ అయ్యారు. మరో తమ్ముడు మిషాల్ 80వ ఏట వారసుడయ్యారు. మనం ఆయన్నీ ‘యువరాజు’ అనే రాసుకున్నాం. అరబ్బీలో ఆ పదవిని ‘వలీ అల్ అహ్ద్’ అంటారు. అహ్ద్ అంటే ఒడంబడిక. హైదరాబాదు ఉర్దూ తెలిసినవారికి ‘వలీ అహద్’ కొత్త మాట కాదు. మన మాటలో వయసు ఉంది, కొడుకు ఉన్నాడు. వాళ్ళ మాటలో నలుగురూ కుదుర్చుకున్న మాట ఉంది. అక్కడ తండ్రి తర్వాత పెద్దకొడుకు అనే నియమం లేదు.

అయితే ‘దాయాదులు’ అనే మన మాట అక్కడ చక్కగా అతుకుతుంది. 1896లో ఆ పాలక కుటుంబానికి చెందిన ముబారక్ తన ఇద్దరు సవతి సోదరులను చంపి పాలన చేపట్టాడు. 1899లో బ్రిటిషువారితో ఒప్పందం చేసుకున్నాడు. ఆ బంధం వల్లనే 1961 దాకా కువైట్ బజారులో రూపాయి చెల్లింది. ముబారక్ కొడుకుల్లో ఇద్దరు జాబర్, సలీం. అక్కణ్ణించి ఆ రెండు శాఖలవాళ్ళే అమీర్లయ్యారు. చాలాకాలం వంతులవారీగా సాగింది గాని 1965లో సలీం శాఖవారే వరసగా రెండోసారి వచ్చారు. కాబట్టి ఆ వంతు ఆనవాయితీయే తప్ప చట్టం కాదు.

చట్టం 1962లో వచ్చింది. అమీర్ అబ్దుల్లా అల్ సలీం ఆ ఏడాది నవంబరులో రాజ్యాంగం మీద సంతకం చేశారు. అందులో నాలుగో అధికరణాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పాలకుడు ముబారక్ సంతతివాడై ఉండాలి. కొత్త అమీర్ ఏడాదిలోగా వారసుణ్ణి ప్రకటించాలి. ఆ పేరును జాతీయ సభలో సగానికి మించి సభ్యులు ఆమోదించాలి. కాదంటే అమీర్ కనీసం ముగ్గురి పేర్లు పంపాలి, సభ ఒకరిని ఎంచుకుంటుంది. వంశపాలనకు సభ సమ్మతిని ఇంత సూటిగా ముడివేసిన వాక్యం గల్ఫ్ రాజ్యాల్లో నాకు మరొకటి కనిపించలేదు. 1964లో ఇంకో చట్టం చేశారు: అమీర్ ఆరోగ్యం పాలనకు సహకరించని స్థితి వస్తే మంత్రివర్గం ఆ సంగతిని సభ ముందు పెట్టాలి.

ఆ చట్టం నలభై ఏళ్ళ పైన కదలకుండా ఉంది. 2006 జనవరి 15న అమీర్ జాబర్ అల్ అహ్మద్ కన్నుమూశారు. వారసుడు సాద్ అప్పటికే తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నారు. సభ ముందు నిలబడి ప్రమాణం చదవగలరా అన్నదే ప్రశ్న. కుటుంబం లోపల మాటలు నడిచాయి, కుదరలేదు. జనవరి 24న సభ ఆయన్ను ఏకగ్రీవంగా పదవి నుంచి తప్పించింది. ఆయన రాజీనామా పత్రం ఓటు ముగిసిన కొద్దిసేపటికి చేరింది. ఈ సాద్ ఎవరు? 1990లో ఇరాక్ దండెత్తినప్పుడు ప్రవాసంలో ప్రభుత్వాన్ని నడిపిన మనిషి. రాజ్యాంగం మీద సంతకం పెట్టిన అబ్దుల్లా కొడుకు. తండ్రి రాసి ఇచ్చిన కాగితమే కొడుకును దింపింది. ఒక్క తూటా పేలలేదు. 1896నూ 2006నూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, గౌరవమూ పెరుగుతుంది.

ఆ తర్వాతి కథ సంతోషంగా చెప్పలేను. 1976లోనూ 1986లోనూ సభను మూసేసిన అనుభవం ఆ దేశానికి ముందే ఉంది. 2023 డిసెంబరులో అమీర్ అయిన మిషాల్, 2024 మే 10న సభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించని కాలం నిలిపివేశారు. జూన్ 1న సబా అల్ ఖాలిద్‌ను వారసుడిగా ప్రకటించారు. ఆయన జాబర్ శాఖా కాదు, సలీం శాఖా కాదు. ముబారక్ మరో కొడుకు హమద్ వంశం. కుటుంబ చరిత్రలో ఇది పెద్ద మలుపు. కాని దాన్ని ఔననడానికీ కాదనడానికీ ఆ రోజు సభ లేదు.

ఇక్కడ కూర్చున్న పరిశోధకులకు నాదొక కోరిక. 2006 జనవరిలో కువైట్ ఇళ్ళల్లో వంటచేసిన, కార్లు నడిపిన మనవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇళ్ళల్లో ఏం మాట్లాడుకున్నారో వాళ్ళు విన్నారు. వెళ్ళి అడగండి, తారీఖు వేసి రాసుకోండి. ‘వలీ అల్ అహ్ద్’కు తెలుగు మాట కూడా బహుశా వాళ్ళ నోటనే దొరుకుతుంది.