డర్స్లీ పెడర్సెను సైకిలు



నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండులో తయారై, అటుపిమ్మట తయారీ నిలిచిపోయిన ఒక సైకిలును గుఱించియు, మిగిలిన ఆ సైకిళ్లను ఊరూర వెదకి పట్టుకొనుచున్నవారిని గుఱించియు ఈ సాయంకాలము ముచ్చటింపదలచితిని. సైకిలును గుఱించి చెప్పుకొనుటకేమున్నది, రెండు చక్రములు, ఒక చైనే గదా యని మీలో కొందఱికి తోచవచ్చును. అయితే ఈ సైకిలు కథ పాలకుండకడ మొదలై శ్మశానవాటికలో ముగియును. కాన కొంచెము ఓపికతో వినవేడెదను.

డెన్మార్కు దేశమున రోస్కిల్డె పట్టణమునకు సమీపమున 1855వ సంవత్సరమున మికాయెల్ పెడర్సెను అను నాతడు జన్మించెను. వ్యవసాయపు పనిముట్లు చేయు కర్మాగారమున పని నేర్చెను. ఆ దేశము పాడికి పేరుగన్నది. పాలను కాచి, తోడుపెట్టి, చిలికి వెన్న తీయుట మన యిండ్ల పద్ధతి. అచ్చట పాలనుండియే మీగడను వేఱుచేయుదురు. పాలను గుండ్రని పాత్రలో పోసి అతివేగముగా త్రిప్పినచో బరువైన పాలు అంచులకు పోవును, తేలికయైన మీగడ నడుమ చేరును. ఈ పని చేయు యంత్రమొకదానిని పెడర్సెను కల్పించెను. ఇంగ్లండులో గ్లాస్టరుషైరు మండలమందలి డర్స్లీ అను చిన్నయూర 1867లో స్థాపింపబడిన లిస్టరు కంపెనీవారు దానిని అలెగ్జాండ్రా అను పేర అమ్మిరి. ఆ సంబంధముననే 1893లో పెడర్సెను డర్స్లీకి కాపురము వచ్చెను.

లిస్టరు అను పేరు మీలో పెద్దలకు క్రొత్త గాకపోవచ్చును. 1930 ప్రాంతమున ఆ కంపెనీ బయలుపెట్టిన, నెమ్మదిగా తిరుగు డీజెలు ఇంజను మన దేశమున పలుచోట్ల బావులకడ నీరు తోడినది, మిల్లులలో పిండి విసరినది. దాని నమూనాననుసరించి గుజరాతులోని రాజకోటలో తరువాత ఎన్నియో ఇంజనులు తయారైనవి. ఆ ఇంజను పుట్టినయూరే మన సైకిలు పుట్టినయూరు.

పెడర్సెనునకు సైకిలు సవారియన్న ప్రీతి. కాని ఆనాటి తోలుసీటు అతనికి సుఖముగా నుండలేదు. గతుకుల దారిని నాలుగు మైళ్లు సైకిలుపై పోయి వచ్చినవారికి ఆ బాధ వేఱుగా వర్ణింపనక్కఱలేదు. ఇతరులు సీటుక్రింద స్ప్రింగులు పెంచిరి, తోలు మందము పెంచిరి. పెడర్సెను సీటునే తీసివేసి, సిల్కుత్రాళ్లతో ఉయ్యెలవంటి దానినొకదానిని అల్లి, ముందు హ్యాండిలు మొదటికిని వెనుక ఫ్రేము కొనకును కట్టి వ్రేలాడదీసెను. మన నులకమంచమును తలచుకొన్నచో దాని గుణము బోధపడును. నులక దేహమునకు తగినట్లు లొంగును. ఒకచోట బరువు పడినచో మఱియొకచోట సర్దుకొనును. నాటి మామూలు సీటు మూడు పౌన్లు తూగుచుండగా ఇది నాలుగు ఔన్సులు మాత్రమే తూగెను.

చిక్కు తరువాత వచ్చినది. వ్రేలాడు సీటును తగిలించుటకు మామూలు సైకిలులో చోటులేదు. కాన సీటుకొఱకు సైకిలునే క్రొత్తగా కట్టవలసివచ్చెను. మొదటిదానిని అతడు కఱ్ఱతో చేసెనట! ఇల్లు కట్టువారు ఎఱుగుదురు: నాలుగు వాసములను చతురముగా బిగించినచో అది గాలికి ఒఱగును, మూడింటిని త్రికోణముగా బిగించినచో వాసము విఱిగిననే తప్ప అది కదలదు. రాజమహేంద్రవరముకడ గోదావరిపై 1900 మొదలు 1997 వఱకు రైళ్లను మోసిన హేవలాకు వంతెనలోని ఇనుపకమ్ములును ఈ న్యాయముననే నిలిచినవి. పెడర్సెను సన్నని గొట్టములను జంటలు జంటలుగా తీసికొని, సైకిలునంతటిని త్రికోణముల కూర్పుగా చేసెను. ముందు ఫోర్కు సైతము అట్టిదే. గొట్టములు సన్నములగుటచే బండి తేలికయైనది. కట్టుబడి వంతెనవంటిదగుటచే గట్టిదైనది. చూచువారికి మాత్రము సాలెగూటికి చక్రములు తగిలించినట్లుండును.

పంతొమ్మిదవ శతాబ్ది చివర ఇది అమ్మకమునకు వచ్చెను. సీటును పైకి క్రిందికి జరుపుటకు వీలులేదు గావున ఎనిమిది కొలతలలో ఫ్రేములను తయారుచేయవలసివచ్చెను. స్త్రీలకొఱకు వేఱు నమూనా, ఇద్దఱు కూర్చుండునది, సైన్యమునకు పనికివచ్చునని మడతపెట్టునది ఒకటి, ఇట్లు పలువిధములు వెలువడెను. 1902 ప్రాంతమున మూడు వేగములుగల హబ్బునొకదానిని కూడ పెడర్సెను కల్పించెను. యోచన దొడ్డదేగాని ఆ హబ్బు అతనికి పేరుకంటె చిక్కులనే ఎక్కువ తెచ్చిపెట్టినది. సైకిలు వెల హెచ్చు, రూపము వింత. మామూలు సైకిళ్లు నానాటికి చౌకయగుచుండెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున దీని తయారీ ముగిసెను.

ఇక వెదకువారి మాట. పాత సైకిలు నశించుట సులభము. త్రుప్పుపట్టినచో పాతయినుము క్రింద పోవును. రెండవ ప్రపంచయుద్ధములో ఇంగ్లండులో తోటల కంచెలు, వంటపాత్రలు సైతము లోహముకొఱకు సేకరించిరి. పెడర్సెను సైకిలునకు వేఱొక ఆపద గలదు. మామూలు సైకిలు సీటు చినిగినచో అంగడిలో మఱియొకటి కొని బిగింతుము. దీనికి సీటుత్రాళ్లు తెగినచో వేఱు సీటు పట్టదు, అల్లువాడు దొరకడు, బండి మూలబడును. అయితే ఆ మూలబడుటయే కొన్నిటిని రక్షించినదని నాకు తోచుచున్నది. ఎక్కుటకు వీలుగాక, అమ్ముటకు మనసురాక, పశువులశాల దూలమునకు వ్రేలాడదీసిన బండి వాడుకచే అరుగలేదు. తాతగారి వస్తువని యింటివారు దుమ్ము దులిపినను దులుపకున్నను అది అట్లే నిలిచియుండును.

పాత సైకిళ్లయందు ఆసక్తిగలవారు ఇంగ్లండులో 1955లో ఒక సంఘముగా ఏర్పడిరి. 1978లో డేవిడ్ ఇవాన్సు అనువారు పెడర్సెను జీవితమును గుఱించి ఒక పుస్తకము ప్రకటించిరి. అదివఱకు చెప్పుకొనుటకు పేరుకూడ తెలియని వింతబండిగానుండినది, ఆ పుస్తకముతో ఊరు, పేరు, కర్తగల వస్తువైనది. దొడ్డిలోని బండి యేదియో దాని యజమానులకు తెలియవచ్చెను.

వెదకువాని కన్ను ఎట్లు పనిచేయునో కొంచెము చెప్పెదను. మొదట రంగును, మెఱుగును చూడరాదు. అవి ఎవరైనను పూయవచ్చును. ఫ్రేముమీద గ్రుద్దిన అంకెను చూడవలెను. త్రుప్పుక్రింద అది మఱుగుపడియుండును గావున ఆముదమో కిరసనాయిలో పూసి, గుడ్డతో మెల్లగా తుడువవలెను. ఆకురాయి పెట్టినచో త్రుప్పుతోపాటు అంకెయు పోవును. ఆ పిమ్మట కొలత తీయవలెను. కంపెనీవారు ముద్రించిన పాత ధరలపట్టికలలోని బొమ్మలతో హబ్బును, బ్రేకును, ఫోర్కును పోల్చవలెను. పట్టికలు సంవత్సరమునకొకటిగా మాఱుచుండును గావున బండి యేనాటిదో ఇంచుమించుగా తేలును. గొట్టములు సన్నములగుటచే లోపలినుండి త్రుప్పు తినివేయును. పైకి నిక్షేపముగానున్న గొట్టము లోపల త్రుప్పుచే పలుచనై యుండవచ్చును. అట్టిదానిని ఎక్కరాదు.

ఇంకొక చిక్కు. అదే 1978లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులోని క్రిస్టియానియా పేటలో యెస్పెర్ సొల్లింగు అను పనివాడు ఈ నమూనాను క్రొత్తగా చేయుట ప్రారంభించెను. అటుపిమ్మట మఱికొందఱును చేసిరి. అవి మంచి బండ్లే; దొంగసరకు గాదు. కాని వాటికిని ఇప్పటికి ఏండ్లు పైబడినవి, వాటికిని త్రుప్పు పట్టినది. క్రొత్తవాడు దానిని చూచి, డర్స్లీ బండి దొరకినదని సంబరపడి హెచ్చువెల ఇచ్చును. ఒక్కొక్కప్పుడు దీనికి ఎదురుగాను జరుగును. అసలైన పాతబండికి ఎవరో ఈ కాలపు చక్రములు వేసియుందురు. చూచినవాడు క్రొత్తదని విడిచిపోవును. ఫ్రేము అంకె తుడిచి చూచిననేగాని నిజము తెలియదు.

దొరకిన బండిని ఏమిచేయవలెనను విషయమున వెదకువారిలో వారికే తగవులున్నవి. మూడు విఱిగిన బండ్లనుండి ఒక మంచిబండిని కూర్పవచ్చునని కొందఱందురు. అట్లు కూర్చినది నడచును, ఊరేగింపులో అందఱు చూచి మెచ్చుకొందురు. కాని అప్పుడు లోకమున మూడు పెడర్సెను బండ్లకు బదులు ఒకటియే మిగులును. మిగిలినదియు వాస్తవమున ఏనాటిదో చెప్పుటకు వీలులేదు. నా మట్టుకు, సీటును మాత్రము క్రొత్తగా అల్లించుకొని, తక్కినది ఉన్నది ఉన్నట్లుంచుట మేలనిపించును. సీటు నులకవంటిదే గదా, కుక్కిమంచమైనప్పుడెల్ల బిగింపక తప్పదు. ముందుభాగమున ఒకవిధముగను వెనుక ఒకవిధముగను త్రాళ్లు లాగియుంచవలెను. అది తెలిసిన అల్లకపువాండ్రు నేడును కొలదిమందియే. లండనులోని సైన్సు మ్యూజియమువారి సేకరణయందు ఈ బండి యొకటి భద్రముగానున్నది గాని, త్రాళ్లపై కూర్చుండి తొక్కినవారికి తెలిసినంత అద్దాలబీరువాలో చూచినవారికి తెలియదు.

పెడర్సెను సంగతి చెప్పక విడిచితిని. అతడు సంగీతప్రియుడు, చేతి పనివాడు, లెక్కలు వ్రాసికొను మనిషి గాడు. తన కల్పనలవలన ఇతరులు గడించినంత తాను గడింపలేదు. 1920 ప్రాంతమున వట్టిచేతులతో స్వదేశమునకు తిరిగిపోయి, 1929లో బీదతనమున కన్నుమూసెను. కోపెన్‌హేగనులోని బిస్పెబెర్గు శ్మశానమున, పేరు చెక్కిన ఱాయియైనను లేనిచోట అతనిని పూడ్చిపెట్టిరి. అతని బండ్లను వెదకినవారు, బండిమీది పేరుగల మనుష్యుడు ఎచ్చటనున్నాడని విచారించి, ఆ చోటును కూడ కనుగొనిరి. చందాలు పోగుచేసి, 1995లో ఆ అస్థికలను సముద్రముదాటించి డర్స్లీకి తెచ్చి, అచ్చటి శ్మశానమున మరల పూడ్చిపెట్టి, ఈమాఱు పేరు చెక్కించిరి. పెడర్సెను మరణించి అప్పటికి 66 సంవత్సరములు.