ఎండకు వానకు నిలుచు కొయ్య
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ శుభదినమున పుస్తకములను గూర్చి పలుకవలసినవాడు కొయ్యను గూర్చి పలుకుచున్నాడేమని మీరు విస్తుపోవచ్చును. మన ముంగిట విరిగిపడిన పందిరిస్తంభమే అందులకు కారణము. దానిని నాటించినవాడను నేనే. చవుకగా దొరికినవని పచ్చి తుమ్మమొద్దులు కొని, నిండ తారు పూయించి, గుంతలో నిలిపి మన్ను కప్పించితిని. మూడవయేటి గాలివానకు ఒకటి మొదలంట విరిగినది. దానినానుకొని చదువుకొను పిల్లలు అప్పుడే లోనికి పోయిరి. విరిగినచోట వ్రేలు పెట్టి చూడగా పైని తారు చెక్కుచెదరలేదు. లోపల అంతయు పొట్టు. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. తప్పు వ్రాసికొనుటకు పద్దు లేదు గనుక మీ యెదుట చెప్పుకొనుచున్నాను.

నల్లమాడలో వానలే కఱవు గదా, కొయ్య కుళ్లుట యేమందురు. కుళ్లు బూజుజాతి చేయు పని. పొడి బరువులో నూటికి 20 వంతులకు లోబడి తేమ యున్న కొయ్యలో అది బ్రదుకజాలదు. నీట పూర్తిగా మునిగిన కొయ్యయు, గాలి చాలనందున, చిరకాలము నిలుచును. గాలియు తేమయు కలియు నేలమట్టముననే చేటు. పచ్చిమొద్దుకు తారు పూయుట లోని తేమకు మూత పెట్టుటయే.

పూర్వులకును పూతలు తెలియును. వరాహమిహిరుడు 6వ శతాబ్దిలో బృహత్సంహితయందు వజ్రలేపమును చెప్పినాడు. పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని ఎనిమిదవపాలు మిగులువఱకు కాచి, గుగ్గులు, నల్లజీడి, అవిసె, మారేడు మున్నగునవి కలిపి, వేడిగా పూయవలెనట. ఆలయములకు, విగ్రహములకు, గోడలకు చెప్పిన పూత యది. కోటియేండ్లు నిలుచునని ఆచార్యుని వాక్కు, లెక్క చూచువారెవరు?

మన కాలమున కొయ్యమందును కనిపెట్టినవారు తెలుగువారే. సొంటి కామేశంగారు 1933లో డెహ్రాడూన్ అరణ్య పరిశోధనాలయమున రాగి, క్రోమియము, ఆర్సెనిక్ కలిపి మందు చేసిరి. ఆస్కు అని దాని పేరు. రాగి బూజును, ఆర్సెనిక్ పురుగును చంపును. క్రోమియము ఆ రెండింటిని వానకు కొట్టుకొనిపోనీయక కొయ్యయందు పట్టియుంచును. దేశదేశములలో తీగస్తంభములకు, కంచెలకు దానిని వాడిరి. విషభయముచేత అమెరికాలో 2003 తుదికి ఇండ్ల పనులకు మానిరి. ఆ మందు పట్టించిన కొయ్యతునకలను పొయ్యిలో పెట్టరాదు. పొగయు బూడిదయు విషమే.

మనకు చేతనగు పని వేఱు. కొయ్యను నేల తగులనీయక నీడలో ఎడమెడముగా పేర్చి ఆరనీయవలెను. పైని తెల్లని భాగమును చెక్కి, చేవనే మిగుల్చవలెను. కోసిన కొసలే నీటిని మిక్కిలి పీల్చును గనుక, ఆరిన పిమ్మట అచ్చట కానుగనూనెనో వేపనూనెనో దట్టముగా పట్టింపవలెను. ఏటేట మరల పూయకయు తప్పదు. చండ్రచేవ దొరికిన అదృష్టమే. మన పొరుగు కదిరికి ఆ ఖదిరవృక్షమువలననే పేరు వచ్చెనని పెద్దలందురు. అన్నిటికంటె మేలు, స్తంభమును మట్టిలో పాతక రాతిదిమ్మెపై నిలుపుట. మన సీమలో రాళ్లకు కొదువా?

క్రొత్త స్తంభములకు కొయ్య వెనుక వసారాలో ఆరుచున్నది. దయచేసి దానిపై తడిబట్టలు ఆరవేయకుడు.