'సి గ్రూపు' పిల్లల కథ: స్పెషల్ క్లాసులు ఎవరికోసం?

ఇవాళ్టి ఎపిసోడ్ స్పెషల్ క్లాసుల గురించి. ఉదయం ఎనిమిదింటికి వెళ్లి, సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చేవాళ్లు, ఆల్రెడీ ఆ రోజులు దాటేసినవాళ్లు, ఇద్దరూ వినండి. కొంచెం నా సొంత గోల కూడా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు హాఫ్ ఇయర్లీ మార్కులు రాగానే మా క్లాసుని మూడు గ్రూపులు చేశారు. ఎ గ్రూపు అంటే స్కూల్‌కి పేరు తెచ్చేవాళ్లు. బి గ్రూపు అంటే కొంచెం తోస్తే పాసయ్యేవాళ్లు. సి గ్రూపు... మేము. లిస్టు తెచ్చి స్టాఫ్ రూమ్ తలుపు మీద అంటించారు. మా అమ్మ పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి ఆ కాగితం ముందు నిలబడి నా పేరు వెతుక్కుంది. పై నుంచి మొదలుపెట్టి కింద వరకు వచ్చింది. ఏమీ అనలేదు. బస్సులో మాత్రం 'సి అంటే ఏంటే?' అని అడిగింది. 'సెక్షన్ అమ్మా' అని అబద్ధం చెప్పా.

స్పెషల్ క్లాసుల్లో నిజంగా జరిగిందేంటంటే, సార్లు ఎక్కువ టైమ్ బి గ్రూపుకి ఇచ్చారు. వాళ్లని తప్పు పట్టట్లేదు. స్కూల్‌ని కొలిచేది పాస్ పర్సంటేజీతో. 30 మార్కుల దగ్గరున్న పిల్లని 35కి లాగడం ఈజీ, 12 దగ్గరున్న పిల్లని లాగడం కష్టం. మాకు మినిమమ్ మెటీరియల్ ఇచ్చి 'ఇవి బట్టీ పట్టండి, గ్రాఫు లెక్క వదలొద్దు' అన్నారు. పట్టాం. నేను మ్యాథ్స్‌లో 37తో గట్టెక్కా. ఇంట్లో స్వీట్లు పంచారు కూడా. తర్వాత ఇంటర్‌లో కూర్చున్నాక తెలిసింది, నాకు భిన్నాల కూడికే సరిగా రాదని. టెన్త్ పాసయ్యా కానీ ఆరో తరగతి లెక్క దగ్గరే ఆగిపోయి ఉన్నా.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఈ ఎపిసోడే చేసేదాన్ని కాదు. అసర్ సర్వే గురించి వినే ఉంటారు, ప్రథమ్ సంస్థ చేయిస్తుంది. 2023లో వాళ్లు 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల్ని చూశారు, 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు. దాదాపు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం సగం కంటే ఎక్కువ మందికి రాలేదు. వీళ్లలో చాలామంది స్కూల్‌లోనో కాలేజీలోనో ఉన్నవాళ్లే.

ఇప్పుడు నేను ఒక హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తున్నా. అవును, 37 మార్కుల అమ్మాయే. ఎలా అన్నది ఇంకో ఎపిసోడ్. పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. చురుకు, మాటకారి, లెక్కల పీరియడ్‌లో మాత్రం కడుపునొప్పి. 408ని 4తో భాగించమంటే 12 అని రాశాడు. మామూలుగా అయితే రాంగ్ కొట్టి పంపించేస్తాం. కూర్చోబెట్టి, '408 రూపాయలు నలుగురికి పంచు, ఒక్కొక్కరికి 12 అన్నావు కదా, మరి మొత్తం ఎంత ఇచ్చినట్టు?' అన్నా. 48 అన్నాడు. కాసేపు కాగితం వైపు చూసి, 'మిగతా 360 ఎటు పోయాయి మేడం?' అన్నాడు. వాడే అడిగాడు, నేను కాదు. అప్పుడు నోట్లు గీశాం. నాలుగు వంద నోట్లు, పది నోట్లు ఏమీ లేవు, ఎనిమిది రూపాయి బిళ్లలు. తలా ఒక వంద, పదులు సున్నా, రెండు బిళ్లలు. 102. ఆ మధ్యలో సున్నా రాయాలని వాడికి ఐదేళ్లుగా ఎవరూ చెప్పలేదని కాదు, చెప్పే ఉంటారు. వాడి చేతిలో ఆ వంద నోటు ఎప్పుడూ పెట్టలేదంతే.

వాడికి కావాల్సింది ఎనిమిదో తరగతి పాఠం మళ్లీ గట్టిగా చెప్పడం కాదు. ఎక్కడ ఆగాడో అక్కడికి వెళ్లడం. దీని మీద మంచి ప్రయోగాలే జరిగాయి. 2000ల మొదట్లో ముంబై, వడోదరల్లో బాలసఖి అని ఒక కార్యక్రమం నడిచింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజూ రెండు గంటలు, స్కూల్ టైమ్‌లోనే, ఆ చుట్టుపక్కల ఉండే అమ్మాయి ఒకరు విడిగా కూర్చోబెట్టుకుని బేసిక్స్ చెప్పేది. మార్కులు పెరిగాయి. దాన్ని పరీక్షించినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో ఉన్నారు, 2019లో నోబెల్ వచ్చింది కదా, వాళ్లే. మన దగ్గర అంతకంటే ముందే ఎంవీ ఫౌండేషన్, శాంతా సిన్హా గారు, పనికి వెళ్లే పిల్లల్ని బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో ఉంచి, వయసుకి తగ్గ తరగతిలో చేర్పించారు. పన్నెండేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తుంది, అది వాళ్లు ముందే పట్టుకున్నారు. తెలంగాణలో 2022లో ప్రైమరీకి తొలిమెట్టు, ఆ తర్వాత ఆరు నుంచి తొమ్మిది వరకు ఉన్నతి వచ్చాయి. ఆలోచన అదే.

చట్టంలో కూడా ఉంది, చాలామందికి తెలీదు. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 24. ప్రతి పిల్లవాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచర్ బాధ్యత. అంటే ఎనిమిదో తరగతి వరకు ఇది దయ కాదు. తొమ్మిది, పదికి వచ్చేసరికి ఆ చట్టం చేయి వదిలేస్తుంది, సరిగ్గా పిల్లలకి భయం మొదలయ్యే టైమ్‌లో.

మరి ఎందుకు పనిచేయదు అంటారా? ఒక కారణం సిల్లీగా ఉంటుంది, బస్సు. సాయంత్రం ఆరింటిదాకా క్లాసు పెడితే పక్క ఊరి ఆడపిల్లలు చివరి బస్సు మిస్సవుతారు. వాళ్లు రారు. రిజిస్టర్‌లో 'ఆసక్తి లేదు' అని రాస్తారు. నేనూ ఒకసారి అలా రాశా, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు ఇవ్వగానే వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఇంకో కారణం, ముప్పై మందిని ఒక గదిలో వేసి మళ్లీ అదే లెక్చర్ ఇవ్వడం. నలుగురైదుగురు, రోజూ అదే టీచర్, వారానికోసారి ఎక్కడున్నామో చూసుకోవడం. ఇవి లేకపోతే అది ఓవర్‌టైమ్ మాత్రమే.

ఇప్పుడు మీలో ఎవరైనా సి గ్రూపులో ఉంటే ఒక చిన్న పని చేయండి. మూడంకెల భాగహారం ఒకటి, 3/4 + 1/6 ఒకటి, మీ తెలుగు పుస్తకంలో ఒక పేరా. ఎవరూ చూడకుండా చేయండి. ఎక్కడ తడబడితే అక్కడి నుంచి అడగండి. 'సార్, నాకు భిన్నాలు రావు' అనండి, 'నాకు మ్యాథ్స్ రాదు' అనకండి. మొదటిదానికి సార్ దగ్గర సమాధానం ఉంటుంది. చెప్పడానికి సిగ్గైతే కాగితం మీద రాసి ఇవ్వండి, మా స్కూల్లో అలా ఇచ్చినవాళ్లున్నారు.

టెన్త్ పోతే సప్లిమెంటరీ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది. రిజల్ట్స్ రోజు తల తిరిగినట్టుంటే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

అన్నట్టు ఈ సంవత్సరం మా స్కూల్లో లిస్టు తలుపు మీద అంటించొద్దని స్టాఫ్ మీటింగ్‌లో అడిగా. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు 'అలా పెడితేనే కదా కసి పుడుతుంది' అన్నారు. ఇంకా తేలలేదు. సోమవారం మళ్లీ మీటింగ్ ఉంది. మీ స్కూల్లో లిస్టు ఎక్కడ అంటించేవాళ్లో, అది చూసి మీకు ఏమనిపించిందో రాసి పంపండి, పేర్లు లేకుండా అక్కడ చదివి వినిపిస్తా.