తాలీమ్ మాట, జిమ్ము మాట

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునే బడిపంతుళ్ళం. మాకు జిమ్ముతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా పొట్ట చూస్తే ఆ నవ్వు న్యాయమే. అయితే ఈ మధ్య ఒక తల్లి పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి చంకన పెట్టుకొని మా బడికి వచ్చింది. "సాబ్, మా పిల్లోడు నెలనెలా జీతంలో రెండు వేల పైన పోసి ఇది తెస్తా ఉన్నాడు. అన్నం మాత్రం సరిగా తినడు. ఇది మందా, తిండా? దీని మీద ఏం రాసుందో కాస్త చదివి చెప్పండి" అన్నది. ఆ పిల్లవాడు మా దగ్గర చదివినవాడే. ఇప్పుడు శ్రీసిటీలో షిఫ్టు పని చేసుకుంటున్నాడు.

డబ్బా ముందుభాగాన కండలు తిరిగిన బొమ్మ, పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. వెనుక చీమతలకాయంత అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకొని వెనుకవైపే చదివాము. కలిపిన సరుకుల్లో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు వేయాలని మన దేశంలో నిబంధన ఉన్నది. ఈ డబ్బాలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే గంజిపిండి నుంచి తీసే పొడి, చక్కెర మాదిరే వేగంగా జీర్ణమవుతుంది. ప్రొటీన్ పేరు దాని తరువాతనే. 'మాస్ గెయినర్' అన్న మాటకు అర్థం ఇదీ! బరువు పెరగడం నిజమే గానీ, పెరిగేది కండే అని ఆ మాట ఎక్కడా చెప్పదు.

మన ఉర్దూలో 'తాలీమ్' అంటే చదువు. దక్కనులో కుస్తీ నేర్పే చోటును కూడా తాలీమ్ అనే అంటారు. హైదరాబాదు పాతవాళ్ళకు తాలీమ్‌ఖానా అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. చదువుకూ కసరత్తుకూ ఒకే మాట పెట్టినవారు తెలివైనవారు. అక్కడ ఉస్తాద్ చెప్పే మాటలు దండ్, బైఠక్. ఆ మాట వింటే ఏమి చేయాలో ఒంటికి తెలుస్తుంది. 1910లో లండన్‌లో జిబిస్కో అనే మహా మల్లుడితో రెండున్నర గంటలు పట్టుపట్టిన గామా పహిల్వాన్ ఒళ్ళు ఈ రెండు మాటల మీదనే తయారయింది. మన కోడి రామ్మూర్తి నాయుడు గారైతే విజయనగరంలో వ్యాయామం నేర్పిన పంతులే. పైగా శాకాహారి.

ఇప్పటి జిమ్ము మాటలు అట్లా కాదు. వినడానికి శాస్త్రంలా ఉంటాయి, పట్టుకోబోతే చేతికి చిక్కవు. 'స్పాట్ రిడక్షన్' అంటారు, అనగా పొట్టకు కసరత్తు చేస్తే పొట్ట కొవ్వే పోతుందట. శరీరం అవసరమైనప్పుడు ఒంటిమీద అన్నిచోట్ల నుంచీ కొవ్వును రక్తంలోకి వదిలి ఖర్చు పెట్టుకుంటుంది. ఏ చోటు ముందు తగ్గాలో మన చేతిలో లేదు. పొట్ట కసరత్తుతో లోపలి కండ గట్టిపడుతుంది, అది మంచిదే, కానీ పైనున్న కొవ్వు దాని మాట వినదు. 'కొవ్వును కండగా మార్చేస్తాం' అనేది ఇంకొకటి. అవి రెండూ వేరు వేరు జాతులు. గొర్రె మేకగా మారుతుందా?

చెమట సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణంతో పని. మన పులికాట్ గాలి తేమ మీకు తెలియనిది కాదు, ఊరికే కూర్చున్నా చొక్కా తడుస్తుంది. అటువంటి చోట, రంజాన్ నెలలో, ఇఫ్తార్‌కు గంట ముందు ఈ పిల్లవాడే వానకోటు తొడుక్కొని హైవే పక్కన పరుగెత్తాడు. ఎవరో 'ఫ్యాట్ మెల్టింగ్' అని చెప్పారట. కళ్ళు తిరిగి పడితే లారీవాళ్ళు నీడకు చేర్చి నీళ్ళు పట్టారు. చెమటలో పోయేది నీళ్ళూ ఉప్పూ. త్రాసు మీద తగ్గిన బరువు రెండు చెంబుల నీళ్ళతో తిరిగి వస్తుంది. ఎండదెబ్బ తగిలితే మాత్రం మనిషి తిరిగి రాకపోవచ్చు. ఇది తెలిసినా ఆ రోజు వాణ్ణి గట్టిగా మందలించలేకపోయాము, తల్లి ఏడుస్తూ ఉన్నది.

'కోర్సు' అనే మాట కూడా వింటున్నాము. మాకు తెలిసింది బడి కోర్సే. అక్కడ కోర్సంటే స్టెరాయిడ్ సూదులు. గుండెకు, కాలేయానికి చేటు. సంతానం కలిగే శక్తి కూడా తగ్గవచ్చు. పెళ్ళి కావలసిన కొడుకులున్న ఇళ్ళల్లో ఈ మాట ఒకసారి అడిగి చూడండి.

ఆడపిల్లలు బరువెత్తితే మగరాయుళ్ళైపోతారని, వారికి 'టోనింగ్' చాలునని అంటారు. టోనింగ్ అన్నదానికి వేరే కసరత్తేమీ లేదు, కండ కొంత పెరగడం, కొవ్వు కొంత తగ్గడం, అంతే. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. అంత శక్తి ఏళ్ళ తరబడి సాధనతో వస్తుంది గానీ, ఇంట్లో రెండు డంబెల్స్ ఎత్తితే పొరపాటున వచ్చిపడదు.

ఇక తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గట్టిగా కసరత్తు చేసేవాడికి ఇంకొంత. గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. పప్పు, శనగలు, పాలు, పులికాట్ చేప మన ఇళ్ళల్లో ఉండేవే. ఈ పొడులు వాడవద్దని ఆ సంస్థే 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో చెప్పింది.

పిల్లవాడు ఇప్పటికీ జిమ్ముకు పోతున్నాడు. మేమూ వద్దనలేదు. డబ్బా మాత్రం తేవడం లేదు, పాత డబ్బాలో వాళ్ళమ్మ కందిపప్పు పోసుకున్నది. మీ ఇళ్ళల్లో ఇట్లాంటి డబ్బాలుంటే ఆదివారం అసర్ నమాజు తరువాత మా బడికి తీసుకురండి. వెనుకవైపు ఏముందో చదివి, తెలుగులోనూ ఉర్దూలోనూ చెబుతాము. కళ్ళజోడు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకుంటాము.