పాత మూత, కొత్త ఇంజను



సాంస్కృతికోత్సవంలో మోటారు ఇంజను ఊసేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. మనం ఉంటున్నది కారు పుట్టిన దేశంలో. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండి మన్‌హైములోనే తయారైంది. మా తరగతికి వచ్చే పెద్దపిల్లలు కొందరికి పాత బండ్లంటే ప్రాణం. వారికి ఇష్టమైన వస్తువు ఒకటి తీసుకుని, దానిమీదుగా మన భాష సంగతి చెప్పదలిచాము.

ఆ వస్తువు ఒక మూత. ఇంజను తల మీద ఉండే వాల్వు కవరు. జర్మనులు వెంటిల్‌డెకెల్ అంటారు. దాని కింద వాల్వులూ, వాటిని నొక్కే రాకర్లూ నూనెలో తడుస్తూ ఆడుతుంటాయి. ఆ నూనె బయటకు చిందకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా కాపాడటమే మూత పని. బానెట్టు ఎత్తగానే ముందు కంటబడేది అదే గనుక అలంకారమూ దానికే ఎక్కువ.

అమెరికాలో హాట్ రాడ్ అని ఒక సరదా ఉంది. పాత బండిని తేలిక చేసి, బలమైన ఇంజను పెట్టి, వేగంగా నడపటం. ఆ సరదాకు పేరు తెచ్చిన 1932 నాటి ఫోర్డు వి-8 ఇంజనుకు ఇటువంటి మూతే లేదు. దాని వాల్వులు సిలిండరు దిమ్మలోనే ఉండేవి. వాల్వులు తలమీదికి వచ్చేలా దానికి అల్యూమినియం హెడ్లు తయారుచేసిన జోరా ఆర్కస్-డంటోవ్ ఇంజనీరింగు చదివింది మన బెర్లినులోనే. తరువాత 1955లో షెవర్లే వి-8 వచ్చింది. ఎత్తైన గీతలు తీర్చిన అల్యూమినియం పోత మూతలు ఆ కాలపు ముద్ర అయిపోయాయి.

1997లో షెవర్లే కొర్వెట్టు కారుకు ఎల్‌ఎస్ అనే కొత్తరకం ఇంజను పెట్టారు. గట్టిది, తేలికైనది. కాని ఎనిమిది సిలిండర్ల ఇగ్నిషన్ కాయిళ్ళూ మూతల మీదే కూర్చున్నాయి. చూపులకు తీగల బుట్ట! నేటి చాలా కార్లకైతే గాజునారు కలిపిన ప్లాస్టిక్కు మూతలే. అందుకని సరదాగాళ్ళు కొత్త ఇంజను మీదకు పాత రూపపు మూత ప్రత్యేకంగా చేయించుకుంటారు. నమూనా చెక్కి, ఇసుకలో అచ్చు తీసి, కరిగిన అల్యూమినియం పోస్తారు. అడుగు అంచును మరమీద సమంగా కోస్తారు. గీతల మధ్య నల్లరంగు వేసి, గీతలకు మెరుగు పెడతారు.

ఇక్కడ నుంచే అసలు కష్టం. పాత మూతకు బోల్టులు అంచుల్లో, కొత్త ఇంజన్లలో చాలావాటికి బోల్టు రంధ్రాలు నడుమన. రెంటినీ కలపటానికి మధ్యలో ఒక పట్టీ కావాలి. కాయిళ్ళకు వేరే చోటు చూపాలి. లోపల ఎత్తు చాలకపోతే రాకర్లు మూతకు కొట్టుకుంటాయి. పిస్టను పక్కనుంచి జారే ఆవిరి పోయేందుకు దారి, ఆ ఆవిరితో నూనె కొట్టుకుపోకుండా అడ్డు రేకు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం గాస్కెట్టు. వదులైతే నూనె కారుతుంది. అతిగా బిగిస్తే రేకు మూత అంచు వంగి, అప్పుడూ కారుతుంది.

ఇవేవీ చూడకుండా మెరుగు మాత్రమే చూస్తే మన సామెతే: పైన పటారం, లోన లొటారం. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు రేకు మూతలు రెండు, ఒక్కొక్కదాన్ని పట్టి ఉంచేది ఒక ఉక్కుతీగ. అందం కోసం మెరిసే పోత మూతలు బిగించి, నూనె కారటం చూసి, మళ్ళీ ఆ తీగ దగ్గరికే వచ్చినవారు ఎందరో.

జర్మనీలో 1997 నుంచి 30 ఏళ్ళు నిండిన బండికి హెచ్ అక్షరం గల నంబరు పలక ఇస్తున్నారు. బండి చాలావరకు అసలు రూపంలో, మంచి స్థితిలో ఉండాలి. 1932 ఫోర్డులో ఎల్‌ఎస్ ఇంజను పెట్టి, పైన ఎంత చక్కటి పాతరకం మూత బిగించినా, మూతను చూసి ఆ అక్షరం ఇవ్వరు. న్యాయమే. అది పాత బండి కాదు. అయితే మోసమూ కాదు. కొత్త ఇంజను పాతవారికి పెట్టిన నమస్కారం అది. మూత తన పని తాను చేస్తే చాలు.

మన పిల్లల సంగతీ ఇదే. వారి ఇంజను జర్మనుది. బడిలో, స్నేహంలో, కలలో కూడా జర్మనే. దానికి మనం సిగ్గుపడనక్కరలేదు. వారిని హెచ్ అక్షరపు బండ్లుగా చేయాలని మేము అనుకోవటం లేదు. కాని ఏడాదికొకసారి పట్టుపరికిణీ కట్టించి, అర్థం తెలియని పద్యం వల్లె వేయించి చప్పట్లు కొడితే, అది నూనె ఆపని మూత. ఇంటికి వెళ్ళేలోగా తెలుగంతా కారిపోతుంది.

జర్మను మాట ద్వారా తెలుగు మాట చెప్పటం తప్పు కాదు, అది నడుమ పట్టీ. తప్పు మాట్లాడితే నవ్వకండి, ఊపిరాడే దారి ఉండాలి. అతిగా బిగించకండి, అంచు వంగుతుంది. ఇక నూనె అంటే ఇంట్లో భోజనాల దగ్గర మాట. అది మేము వారానికొక సాయంత్రం పోయగలిగేది కాదు. మీరే పోయాలి.

సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. వచ్చే ఉత్సవంలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తన పాటకో, పద్యానికో అర్థం రెండు సొంత వాక్యాల్లో చెప్పాకే వేదిక దిగాలని నియమం పెట్టండి. వాక్యాలు వంకరగా ఉన్నా సరే, సొంతవైతే చాలు. అందుకోసం అంశాలు కొన్ని తగ్గినా ఫరవాలేదు.