ఆ గీత గీసిందెవరు?



మా పెద్దత్తమ్మ పుట్టిల్లు కిన్వట్. ఆమె పెండ్లయి కాపురానికి వచ్చిననాడు కిన్వట్ మన ఆదిలాబాదు జిల్లాలోదే. 1956 నవంబరు 1న ఆ పుట్టిల్లు ఉన్నచోటనే ఉండి బొంబాయి రాష్ట్రంలో పడింది. 1960లో మహారాష్ట్ర అయింది. రాజూరా తాలూకా కూడా అట్లాగే పోయింది. నాందేడు జిల్లానుంచి ముథోల్, భైంసా మనవైపు వచ్చాయి. "మమ్ముల ఒక్క మాటన్న అడుగలేదు బిడ్డా!" అని ఆమె ఎప్పుడూ అంటుండేది.

ఆ గీత గీసింది పార్లమెంటు. ఇంగ్లండులో పార్లమెంటు ఏ చట్టమైనా చేయవచ్చు, దేన్నైనా రద్దు చేయవచ్చు. అది చెల్లదని కొట్టివేసే అధికారం అక్కడి కోర్టులకు లేదు. దీనినే పార్లమెంటు సార్వభౌమత్వం అంటారు. మన దేశంలో అట్లా కాదండీ, పెద్దరికం రాజ్యాంగానిది. కానీ రాష్ట్రాల సరిహద్దుల దగ్గరికి వచ్చేసరికి మన పార్లమెంటుకూ దాదాపు అంత బలం ఉంది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం మామూలు మెజారిటీతోనే కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చు. బిల్లును రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి, గడువు పెట్టాలి. అడగడం తప్పనిసరి. చెప్పింది వినడం మాత్రం తప్పనిసరి కాదు! బొంబాయి రాష్ట్రం తగాదాలో సుప్రీంకోర్టు 1959లోనే ఈ మాట తేల్చింది.

2014 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. జనవరి 30న హైదరాబాదులో శాసనసభ మూజువాణి ఓటుతో తెలంగాణ బిల్లును తిరస్కరించింది. కరీంనగరులో మా పక్కింటావిడ పొయ్యిమీది పాలు మరిచిపోయి, "ఇగ అయిపోయినట్టేనా వదినా?" అంటూ పరుగెత్తుకొచ్చింది. అయిపోలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లునే ఆమోదించాయి. జూన్ 2న మన కరీంనగరు, ఆదిలాబాదులతో కలిపి పది జిల్లాల రాష్ట్రం వచ్చింది.

మనకు సంతోషం కలిగింది కనుక ఈ అధికారం మంచిదే అనిపిస్తుంది. అవతలివాళ్లకు ఆనాడు మా పెద్దత్తమ్మకు అనిపించినట్టే అనిపించి ఉంటుంది కదా! లోక్‌సభలో తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన వేళ బిల్లు నెగ్గడం, తెలంగాణ కోరుకున్న నాకు కూడా రుచించలేదు.

అయితే పార్లమెంటుకు హద్దే లేదా? ఉంది. కేరళకు చెందిన కేశవానంద భారతి అనే మఠాధిపతి వేసిన కేసులో 1973 ఏప్రిల్ 24న పదముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదన్నారు. ఇంట్లో అర్రలు మార్చుకోవచ్చు, పునాది తవ్వరాదన్నట్టు. రాష్ట్రాల గీతలు మాత్రం అర్రల లెక్కలోవే.

జూన్ 2 రాత్రి పటాకుల మోత తగ్గినంక పెద్దత్తమ్మ నన్ను పిలిచి, "మల్ల కిన్వట్ మనకొస్తదా?" అని అడిగింది.

"పార్లమెంటు తలిస్తే వస్తది అత్తమ్మా" అన్నాను.

"అప్పుడన్న అడుగుతరా మమ్ముల?" అన్నది.